వేట ఆగిన నెలలో మైపాడుకు

నెల్లూరులో దిగవలసినదాన్ని నాయుడుపేటలో దిగాను. ఖమ్మంలో రైలెక్కి ఒక కునుకు తీద్దామనుకున్నాను. తెల్లవారాక ఎదుటి బెర్తు పెద్దాయన లేపి, "నాయుడుపేట వచ్చేసినాది. మీరు యాడ దిగాలమ్మా?" అనేదాకా మెలకువ రాలేదు. నెల్లూరు అన్నాను. ఆయన నవ్వలేదు, పాపం. "అది పోయి గంట దాటినాది" అని నా సంచీ అందుకుని తలుపు దగ్గర పెట్టాడు.

నిజం చెప్పాలంటే నాకు పెద్దగా బాధ కలగలేదు. నెల్లూరు జిల్లాలో నాకున్న పనులు రెండు. ఒకటి, నెల్లూరులో కొందరు పౌరులు ఏర్పాటు చేసిన చర్చలో మాట్లాడడం. గాలిలోకి మనం వదిలే కర్బనాన్ని ఏ ఏటికి ఎంత తగ్గించాలో ప్రభుత్వం చట్టంలోనే రాసుకుని, తప్పితే కోర్టులో జవాబు చెప్పుకోవాలా, లేక మాట ఇచ్చి ఊరుకుంటే చాలా అన్నది విషయం. చట్టం ఉండాలన్నది నా పక్షం. డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను, ఈ మాట రెండేళ్ళుగా పత్రికల్లో రాస్తున్నాను కూడా.

రెండో పని, వెంకటాచలంలో ఉన్న మా తమ్ముడు రాఘవను చూడడం. వాడు సముద్రపు ఒడ్డున ఒక థర్మల్ కేంద్రంలో, బొగ్గు మోసే బెల్టుల దగ్గర కాంట్రాక్టు ఫిట్టరు. ఎనిమిది నెలల కిందట నా వ్యాసం ఒకటి అచ్చయితే, వాళ్ళ క్యాంటీన్‌లో ఎవరో పైకి చదివి "మీ అక్కే గదా" అన్నారట. ఆ సాయంత్రం ఫోన్ చేసి, "నా కూటి మీద రాసినావక్కా" అని ఒక్క మాట అని పెట్టేశాడు. ఆ తరువాత నేను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. మా నాన్న ఇల్లెందులో బొగ్గు బావిలోకి దిగి మమ్మల్ని పెంచాడు. అందుకే ఆ మాట నాకు మరీ గట్టిగా తగిలింది. వాడి ముఖం ఎలా చూడాలో తెలియక దిగులుపడుతూ వస్తున్నదాన్ని. రైలు తప్పు చోట దింపితే ఒక రోజు కలిసివచ్చిందనే అనిపించింది.

నాయుడుపేట

హైవే పక్కన ఒక రేకుల హోటల్లో కూర్చున్నాను. నెల్లూరు కారం దోసె అని వినడమే కానీ తినలేదు. మా ఖమ్మం వైపు కారం పచ్చడి పక్కన పెడతారు, కావలసినంత అద్దుకుంటాం. ఇక్కడ ఆ ఎంపిక మనకు లేదు. ఎండుమిరపకాయ, వెల్లుల్లి నూరిన ముద్దను పెనం మీద ఉండగానే దోసె నిండా పూసేస్తారు. యాభై రూపాయలు. రెండో ముక్కకే కళ్ళ నీళ్ళు వచ్చాయి. హోటలావిడ మజ్జిగ గ్లాసు తెచ్చి అడక్కుండానే ముందు పెట్టింది.

నుదుట ఇంత బొట్టు, పేరు మస్తానమ్మ. నేను ఆ పేరు విని తేరిపార చూస్తే ఆమెకు అర్థమైంది. "మా అమ్మకి నలుగురు పుట్టి పోయినారక్కా. దర్గాకి మొక్కుకుంటే నేను నిలిచినా. మా ఈదిలోనే మస్తానయ్యలు ముగ్గురుండారు, అందరూ ఎంకటేస్పరసామికి మొక్కేవోళ్ళే" అంది. మా ఊళ్ళో ఇలాంటివి లేవని కాదు, ఇంత మామూలుగా చెప్పేవాళ్ళను చూడలేదు.

రైలు సంగతి చెబితే పగలబడి నవ్వింది. "దిగినదానివి ఎట్టాగూ దిగినావు, పులికాట్ చూసిపో. అదో, పెంచలయ్య పోతుండాడు" అని, పక్క బల్ల మీద ఇడ్లీ తింటున్న ఒక బక్కపలచని మనిషిని చూపించింది. సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే మనిషి. వలకు నైలాను దారం కొనుక్కోవడానికి బజారుకు వచ్చాడట. ఆయనతో పాటు షేరు ఆటో ఎక్కాను.

పులికాట్ ఒడ్డు

రోహిణి కార్తె. కొంగలూ ఫ్లెమింగోలూ చలికాలంలోనే వస్తాయట, నాకు ఒక్కటీ కనబడలేదు. నీళ్ళు బాగా లోపలికి తగ్గి, ఒడ్డంతా ఉప్పు తేలి తెల్లగా ఉంది. చెప్పులు తీసి నడవబోయి, రెండు అడుగులకే మళ్ళీ వేసుకున్నాను.

పెంచలయ్య భార్య ఎండురొయ్యలు, వంకాయ కూరతో అన్నం పెట్టింది. తింటూ ఉండగా ఆయన నేను వచ్చిన పనేమిటని అడిగాడు. నాకు తెలిసిన భాషలో చెప్పాను: చట్టబద్ధ లక్ష్యాలు, ఉద్గారాల తగ్గింపు, జవాబుదారీతనం. ఆయన, "అంటే గవర్నమెంటు మాట ఇచ్చేదా, కట్టుబాటు పెట్టుకునేదా?" అన్నాడు.

"రెంటికీ తేడా ఏమిటి?" అన్నాను.

"మాట తప్పితే మనసు నొచ్చుకుంటాది. అంతే. కట్టుబాటు తప్పితే వల ఎయ్యనీరు."

తరువాత వివరంగా చెప్పాడు. సరస్సులో చేప బాగా తగిలే చోట్లు కొన్నే. అందరూ అక్కడే వేస్తే ఎవరికీ ఏమీ మిగలదు. అందుకని ఇంటింటికీ వంతు ఉంది, పెద్దలు కూర్చుని ఖాయం చేస్తారు. ఒక ఏడు ఆయన సొంత అన్న ఇంకొకరి వంతు నాడు వల వేశాడు. పెద్దలు ఒక నెల పాటు అతణ్ణి నీళ్ళలోకి దిగనివ్వలేదు.

"మా అన్నే. నేను అడ్డం మాట్లాడినా కానీ ఇనలా. అయితే మేడం, ఆ నెలంతా వాళ్ళ ఇంటికి బియ్యం ఊరే పంపినాది. వాళ్ళ పిలకాయలేం తప్పు చేసినారు? వల ఆపొచ్చు, బువ్వ ఆపకూడదు."

నేను నోట్‌బుక్ తీసి ఆ మాట రాసుకున్నాను. 'చట్టబద్ధ లక్ష్యం' అని రాసినప్పుడల్లా ఏదో సర్కారు ఉత్తరంలా ఉందని బాధపడేదాన్ని. ఈ రెండేళ్ళుగా నేను వెతుకుతున్న తెలుగుమాట, కట్టుబాటు, ఆయన నోట్లో ఎప్పటినుంచో ఉంది. అది దొరికిన సంతోషంలో ఆయన మాటలో రెండో సగాన్ని, అంటే బువ్వ సంగతిని, అంతగా పట్టించుకోలేదు. దాని అర్థం మర్నాడు తెలిసింది.

వెంకటాచలం

రైలు సంగతి ఇంటికి ఫోన్ చేసి చెప్పి, ఆ రాత్రి పెంచలయ్య ఇంట్లోనే పడుకుని మర్నాడు వెళ్ళేసరికి రాఘవ ఇంట్లో లేడు. మా మరదలు సుజాత తలుపు తీసి, నా సంచీ తీసుకుని, కాళ్ళకు నీళ్ళిచ్చి అప్పుడు చెప్పింది. "మీరు వస్తుండారని తెలిసే పోయినాడు వదినా. అబద్దం ఎందుకు?"

వాడికి ఆ రోజు సెలవు. మైపాడులో పోలయ్య అనే స్నేహితుడి ఫైబర్ పడవకు ఇంజను విప్పి బాగు చేస్తున్నాడట. ఈ కాలంలో ఈ తీరమంతా అదే పని. చేప గుడ్లు పెట్టే రెండు నెలలూ సముద్రంలో వేట మీద ప్రభుత్వ నిషేధం. ఇంజను పడవలన్నీ ఒడ్డెక్కుతాయి, వలలు అల్లేవాళ్ళు వలలు అల్లుకుంటారు, ఇంజన్లు బాగుచేసేవాళ్ళకు చేతి నిండా పని.

సుజాత బొమ్మిడాయిల పులుసు చేసింది, పచ్చి మామిడికాయ ముక్కలు వేసి. నిన్నటిదాకా మా అమ్మ చేసే కొరమీను పులుసును మించింది లేదనుకునేదాన్ని. బొమ్మిడాయి సన్నగా, పాములా ఉంటుంది, చూడగానే తినబుద్ధి కాదు. తిన్నాక రెండోసారి వడ్డించుకున్నాను. "ముందు రోజే చేసి పెట్టుంటే ఇంకా బాగుండేది. మీరు నాయుడుపేటకి పోయినారు గదా" అని నవ్వింది. ఆమె నవ్వడంతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఆ నవ్వు పూర్తికాకుండానే ఫోన్ మోగింది. పోలయ్య భార్య లక్ష్మి. ఇంజను పనిచేస్తుందో లేదో చూసి ఇప్పుడే వస్తామని ఇద్దరూ పొద్దున ఏడింటికి పడవ నీళ్ళలోకి తోసుకుపోయారట. మధ్యాహ్నం ఒంటిగంట అయింది. రాలేదు. రెండు ఫోన్లూ పలకడం లేదు.

సుజాత అన్నం చేత్తోనే లేచింది.

మైపాడు

నెల్లూరు మీదుగా మైపాడుకు ఆటోలో పోయినంతసేపూ సుజాత ఆ రెండు నంబర్లకూ మార్చి మార్చి ఫోన్ చేసింది. నేను మాట్లాడబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఊరి దగ్గర పడుతుండగా మాత్రం రోడ్డు కేసి చూస్తూనే అంది. "ప్లాంటులో ఈ ఏడు మళ్ళీ కాంట్రాక్టు రాస్తారో లేదో తెలీదు వదినా. అందుకే కనపడిన పనికల్లా పోతుండాడు. మీ చట్టం వచ్చినాదంటే రోజూ ఇట్టనే పోవాల."



మైపాడు ఒడ్డున సెలవులకు వచ్చినవాళ్ళు మొక్కజొన్న కంకులు తింటూ అలల్లో ఆడుకుంటున్నారు. కొంచెం అవతల, పడవలన్నీ వరసగా ఇసుక మీదకు లాగి ఉన్న చోట, ఊరంతా గుమిగూడి ఉంది. అందరూ ఒకే వైపు చూస్తున్నారు. లక్ష్మి ఇసుకలో కూర్చుని ఉంది. సుజాత పోయి ఆమె పక్కన కూలబడింది.

వెతకడానికి ఒక పడవ దింపుదామని నలుగురైదుగురు అప్పటికే తొందరపడుతున్నారు. ఒకాయన మాత్రం అడ్డుపడుతున్నాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు, భయపడుతున్నాడు. "ఈ పొద్దు మనం ఒకటి దింపితే రేపు పక్క ఊరోళ్ళు పది దింపుతారు. అడిగితే మైపాడోళ్ళు దింపలేదా అంటారు. నెల పైన కడుపు కట్టుకుని కూర్చున్నది దేనికి?"

ఊరి పెద్ద పేరు కోటయ్య. డెబ్బై దాటిన మనిషి, గొంతు చిన్నది. అందరూ అరిచి అలిసిపోయేదాకా ఆగి, మత్స్యశాఖ ఆఫీసుకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు. అవతల ఏమన్నారో వినబడలేదు, ఈయన "ఆఁ, ఆఁ" అని పెట్టేసి, "నిషేదం చేపలకి. మనిషిని తెచ్చుకునేదానికి కాదు" అన్నాడు. అని ఊరుకోలేదు. "పడవలో వల ముక్క గూడా ఉండగూడదు. చూసేవోళ్ళకి తెలియాల" అని, తానే పోయి లోపల వంగి చూశాడు. పాత వల చుట్ట ఒకటి ఉంటే తీయించి ఇసుక మీద పడేయించాడు. ఇందాక అడ్డుపడిన ఆయనే ముందు భుజం ఆనించాడు. ఇరవై మంది తోస్తే పడవ అలలు దాటింది.

ఆ తరువాత రెండు గంటలకు పైగా ఎదురుచూశాం. ఇన్నేళ్ళు తరగతి గదుల్లో వాదించినదాన్ని, ఆ ఇసుకలో కూర్చుని ఒక్క వాక్యం పూర్తిగా ఆలోచించలేకపోయాను. చిన్నప్పుడు నాన్న షిఫ్టు దిగి రావడం ఆలస్యమైతే అమ్మ గడపలో నిలబడేది. నేను, రాఘవ ఆమె కొంగు చెరో వైపు పట్టుకునేవాళ్ళం. వాడు ఫోన్ ఎత్తని ఎనిమిది నెలల్లో నేను ఆపి ఆపి చేశాను, రోజూ చేసి ఉండవలసింది. రైలెక్కి ఎప్పుడో వచ్చి ఉండవలసింది. నిన్న నాయుడుపేటలో తాపీగా దోసె తిన్నాను.

ఎవరో కేక వేశారు. నాకు ఏమీ కనబడలేదు. లక్ష్మి లేచి కళ్ళ మీద చెయ్యి పెట్టుకుని చూసి, "రెండుండాయి" అంది. "రెండు పడవలుండాయి సుజాతా!"

ముందు పడవ వెనక పడవను తాడుతో లాక్కొస్తోంది. వెనక దానిలో ఇద్దరు మనుషులు. దగ్గరకు వచ్చేకొద్దీ వాళ్ళలో ఒకడు కూర్చున్న తీరు తెలిసిపోయింది. మా నాన్నలాగే వీపు వంచి, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. నేను నీళ్ళలోకి నడుముదాకా దిగిపోయానని తరువాత సుజాత చెప్పింది.

జరిగింది పెద్ద విషయమేమీ కాదు. కొంత దూరం పోయాక డీజిల్ పైపులో గాలి చేరి ఇంజను ఆగిపోయింది. పొద్దుటి పడమటి గాలి వాళ్ళను లోపలికి తోసుకుపోయింది. ఫోన్లు తడిసిపోయాయి. అదృష్టం బాగుండి లంగరు అడుగు నేలకు అందింది, వేసుకుని కూర్చున్నారు. తాగడానికి ఒక్క సీసా నీళ్ళు.

రాఘవ పడవ దిగాడు. ముఖం ఎండకు కమిలిపోయింది, చేతుల నిండా ఇంజను నూనె. సుజాత వాడి భుజం మీద రెండు దెబ్బలు వేసి ఏడ్చింది. వాడు ఆమె తల మీదుగా నన్ను చూశాడు.

"నాయుడుపేట దాకా నిద్రపోయినావంట గదక్కా" అన్నాడు.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎనిమిది నెలల తరువాత వాడు నాతో అన్న మొదటి మాట అది.

అదే ఒడ్డున, పొద్దు వాలకముందు

కోటయ్య పోలయ్యను పిలిచాడు. కోప్పడలేదు. "అడక్కుండా దింపినావు. వేట మొదలైన రోజు అందరూ పోతారు. నీ పడవ ఒడ్డునే ఉంటాది" అన్నాడు. నిషేధం ఎత్తేసిన మొదటి రోజు, రెండు నెలలుగా పెరిగిన చేప వలకు తగిలే రోజు, ఇక్కడ ఎంత విలువైనదో తెలిస్తే ఆ శిక్ష బరువు తెలుస్తుంది. పోలయ్య తల వంచి సరేనన్నాడు. లక్ష్మి మాత్రం ప్రాణం లేచివచ్చిన మనిషి కదా, నాతో తేలిగ్గానే అంది. "ఆ పొద్దు కూరకి అందరూ తలా ఒక చేప ఇస్తార్లే అక్కా. మమ్మల్ని పస్తు పెట్టరు."

పెంచలయ్య చెప్పిన బువ్వ మాట నాకు అప్పుడు పూర్తిగా వినబడింది.

నేను, రాఘవ ఒక పడవ నీడలో కూర్చున్నాం. పదిహేనేళ్ళలో వాడి మాట అచ్చంగా నెల్లూరు మాటైపోయింది. వాడే మొదలుపెట్టాడు.

"పొగ మంచిదని నేను ఎప్పుడన్నా అన్నానా? ఈ ఎండలో ఆ బెల్టు కింద నిలబడి చూడు. ఎండలు ఎట్టా ముదిరినాయో నీకంటే నాకు బాగా తెలుసు."

"మరి ఎందుకురా ఫోన్ ఎత్తలేదు?"

"పలానా ఏటికి ఇంత తగ్గాల అని రాసినావు. తగ్గకపోతే ఎవురైనా కోర్టుకు పోవచ్చన్నావు. బాగుండాది. నన్ను తీసేస్తే నేను ఏ కోర్టుకు పోవాల?"

"వ్యాసం చివర రాశాను కదా..."

"ఏం రాసినావు? 'కార్మికుల సంక్షేమాన్ని కూడా దృష్టిలో ఉంచుకోవాలి.' నాకు కంఠతా వచ్చు. పొగకేమో చట్టం. మాకేమో దృష్టి. చూస్తా కూర్చుంటారా?"

ఆ వాక్యం వ్యాసం పూర్తిచేసే తొందరలో రాశానని నాకు తెలుసు.

"ఈళ్ళని చూడు" అని వాడు వలలు అల్లేవాళ్ళ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "వేట ఆపమన్న గవర్నమెంటే ఈ నెలలకి భృతి ఇవ్వాల. ఒక్కోసారి లేటవుతాది, తిట్టుకుంటారు. అయినా అడిగేదానికి ఈళ్ళ చేతిలో కాగితం ఉండాది. నాకు ఆ కాగితం రాయించక్కా. నువ్వే రాయించు. అప్పుడు నీ చట్టానికి క్యాంటీన్‌లో నేనే చప్పట్లు కొడతా."

గుండె మీదనుంచి బరువు దిగడం అంటారే, అది ఒంట్లో నిజంగా తెలుస్తుందని నాకు ఆ సాయంత్రం తెలిసింది. వాడు నా మీద కోపగించింది నేను రాసినదానికి కాదు, రాయకుండా వదిలినదానికి. అది దిద్దుకోగలిగిన తప్పు. సుజాత మొక్కజొన్న కంకులు తెచ్చింది, నిమ్మకాయ, ఉప్పు, కారం రాసి. ఒక్కోటి ముప్పై రూపాయలట. ఇక్కడివాళ్ళు కంకికి కూడా దోసెకు పూసినట్టే కారం పూస్తారు. ముగ్గురం ముక్కులు చీదుకుంటూ తిన్నాం.

నెల్లూరు

మర్నాటి చర్చలో నాకు ఎదురుగా మాట్లాడింది విశ్రాంత ఇంజనీరు ఒకాయన. చాలా మర్యాదస్తుడు, వాదన కూడా గట్టిది. మన పల్లెల్లో ఇప్పటికీ కరెంటు చాలడం లేదని, ముందుగా పొగ వదిలి బాగుపడిన దేశాలు వేరే ఉన్నాయని, రేపు ఏ అవసరం వస్తుందో తెలియకుండా చేతులు కట్టేసుకోవడం తెలివి కాదని అన్నాడు. మూడు రోజుల కిందటైతే ఒక్కో దానికీ విడివిడిగా జవాబు చెప్పి గెలవాలని చూసేదాన్ని.

నేను తయారుచేసుకున్న కాగితాలు సంచీలోనే ఉంచేశాను. పులికాట్ వంతుల గురించి చెప్పాను, వల లేకుండా సముద్రంలోకి పోయిన పడవ గురించి చెప్పాను. మాట ఇస్తే సరిపోదని, కట్టుబాటు కావాలని అన్నాను. అవసరం వస్తే ఎవరు, ఎవరిని అడిగి, ఎంతవరకు సడలించవచ్చో అందులోనే ఉండాలన్నాను. పని పోయేవాళ్ళకు వేరే పని, అది దొరికేదాకా జీతం, ఇవి కూడా అదే చట్టంలో, అంతే గట్టిగా, కోర్టుకు పోగలిగేలా ఉండాలన్నాను. అవి లేకపోతే ఆ చట్టాన్ని నేనే ఒప్పుకోనన్నాను. నా నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఇంజనీరు గారు కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "అట్టయితే నేను సగం దూరం వస్తానమ్మా. మిగతా సగం గురించి కొట్లాడుకుందాం" అన్నారు. సభలో నవ్వారు. వెనక వరసలో రాఘవ నవ్వలేదు కానీ, తల ఆడించాడు.

సాయంత్రం నన్ను రైలెక్కించడానికి వాడు స్టేషనుకు వచ్చాడు. రైలు ఆలస్యం. కొత్తగా రాయబోయే వ్యాసం మొదటి పేజీ అప్పటికే నోట్‌బుక్‌లో ఉంది. "అచ్చుకు ఇచ్చేముందు నాకు చదివి వినిపించు" అన్నాడు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని చదివాను. ఒక చోట ఆపాడు.

"'బొగ్గు మీద బతికేవాళ్ళు' అని రాసినావు. ఎవురక్కా ఆ వాళ్ళు? నాయన బొగ్గు తవ్వితేనే గదా నువ్వు కాలేజీకి పోయినావు."

నిజమే. 'వాళ్ళు' కొట్టేసి, 'మేము' అని రాశాను. వాడు తొంగి చూసి, పెన్ను నా చేతిలోంచి తీసుకున్నాడు.

"మేము అంటే చదివేవోడు బయట నిలబడి చూస్తాడు. కరెంటు వాడే ప్రతివోడూ లోపలికి రావాల" అని, తానే కొట్టేసి, గోళ్ళలో ఇంకా నూనె పోని చేత్తో, పెద్ద అక్షరాలతో 'మనం' అని రాశాడు.